బిడ్డ గుండెతో కొట్టుకున్న గడ్డ

టేపు 33 దగ్గర ఆగింది. నర్సమ్మ మళ్లీ కొలిచింది. మళ్లీ అంతే. కార్డు తిప్పి, చివరి నెలసరి మొదలైన తేదీ నుంచి వేళ్ల మీద లెక్కపెట్టింది. 27 వారాలు. అయిదో నెల దాటాక పొత్తికడుపు ఎముక నుంచి గర్భసంచి పై అంచు దాకా టేపు పెడితే, ఎన్ని వారాలో ఇంచుమించు అన్ని సెంటీమీటర్లు రావాలి. రెండు మూడు అటూ ఇటూ అయితే ఎవరూ కంగారుపడరు. ఆరు తేడా వస్తే లెక్క అయినా తప్పి ఉండాలి, లోపల ఏదైనా ఉండాలి.

"కవలలేమోలేమ్మా," అంది అత్త, అంగన్‌వాడీ గడప మీద కూచుని.

"అయిదో నెల స్కానింగులో ఒకే బిడ్డ అని రాసినారు కదా పెద్దమ్మా."

"అట్లయితే మగబిడ్డే. నా పెద్దోని కడుపుతో ఉన్నప్పుడు నాకూ ఇట్లనే ఉండె."

కోడలు ఏమీ అనలేదు. ఆరోగ్య దినం రోజున అందరి ముందూ మాట్లాడే అలవాటు లేదామెకు. అందరూ పోయినంక, చీర సర్దుకుంటూ నర్సమ్మకు మాత్రమే వినబడేలా చెప్పింది: "పది దినాల్లోనే ఇట్ల పెరిగింది సిస్టరమ్మా. రాత్రుళ్లు పండుకుంటే ఊపిరి ఆడ్డం లేదు. గోడకు ఆనుకోని కూచుంటా తెల్లార్లూ."

ఆ మాటతో నర్సమ్మ పెన్ను మూసింది. ఆశా కార్యకర్తను పిలిచి, రేపే అనంతపురం తీసుకుపొమ్మంది.

ఇక్కడ పాఠకులకు ఒక మాట చెప్పాలి. ఈ గాథలోని తల్లికి పేరు పెట్టలేదు. ఆమె ఒక ఇంటి మనిషి కాదు. మాయలో పెద్ద గడ్డ పెరిగిన గర్భాలు ఎలా మొదలవుతాయో, ఎక్కడ మలుపు తిరుగుతాయో, ఎలా ముగుస్తాయో వైద్యులు రెండు వందల ఏళ్లకు పైగా రాసిపెడుతూ వచ్చారు. ఆ జబ్బు నడక యథార్థం. ఆ నడకను కళ్యాణదుర్గం దాటి కర్ణాటక సరిహద్దుకు పోయే దారిలోని ఊళ్ల మీద పెట్టి, అక్కడి మాటల్లో తిరిగి అల్లిన కథనం ఇది. మనుషుల మాటలు, కేసు షీటు మీది అంకెలు ఆ అల్లికలోవి. వైద్యం, చరిత్ర మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

ఆ ఊళ్లు ఎలా ఉంటాయో రాయలసీమ పాఠకులకు చెప్పనక్కర్లేదు. పడమటి కనుమలు నైరుతి మేఘాన్ని ఆపేస్తాయి. ఈశాన్య రుతుపవనం ఇక్కడికి చేరేసరికి సత్తువ కోల్పోతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ పడే వాన, అది కూడా అదనుకు పడితేనే చెనిక్కాయ చేతికి వస్తుంది. పడని ఏళ్లలో ఊళ్లో మిగిలేది ముసలివాళ్లు, పిల్లలు, గొర్రెలు. ఈమె భర్త కూడా బెంగళూరులో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు. నాలుగేళ్ల కూతురు, అత్త, పది గొర్రెలు ఆమెకు తోడు.

అనంతపురం బస్సు రెండు గంటలు. దారి పొడవునా గాలిమరలు తిరుగుతున్నాయి. బస్సు కుదుపుకు కడుపు బిగుసుకుపోతుంటే ఆశమ్మ చేయి పట్టుకుని కూచుంది.

స్కానింగ్ గదిలో గోడ మీద చట్టం ప్రకారం పెట్టాల్సిన బోర్డు ఉంది: పుట్టబోయేది ఆడో మగో ఇక్కడ చెప్పరు. ఫారం నింపించుకున్నాక డాక్టరమ్మ ముందు ఉమ్మనీరు కొలిచింది. గర్భసంచిని నాలుగు భాగాలు చేసి ఒక్కోదానిలో నీటి లోతు చూసి కలుపుతారు. మొత్తం 24, 25 సెంటీమీటర్లు దాటకూడదు. ఈమెకు 34 వచ్చింది. నీళ్లు ఇంత పెరిగితే మొదట తల్లికి షుగర్ ఉందా అని, తర్వాత బిడ్డకు గొంతులో, పేగులో, వెన్నులో లోపముందా అని వెతుకుతారు. షుగర్ లేదు. బిడ్డ మింగుతోంది. వెన్ను బాగుంది. చాలాచోట్ల వెతుకులాట ఇక్కడితో ఆగిపోతుంది. కారణం తెలియలేదని రాసి పంపేస్తారు. డాక్టరమ్మ ఆపలేదు. ప్రోబును పక్కకు జరిపి మాయ మీద పెట్టింది.

మాయ వెనక గోడకు అంటుకుని ఉంది. దాని లోపలి అంచు నుంచి, బొడ్డుతాడు మొదలయ్యే చోటికి దగ్గరగా, ఒక గుండ్రని ముద్ద ఉమ్మనీటిలోకి పొడుచుకుని వచ్చింది. చుట్టూ అంచు స్పష్టంగా ఉంది. కొలిస్తే ఏడు సెంటీమీటర్లు దాటింది. గర్భసంచి కండలో పుట్టే ఫైబ్రాయిడ్ కావచ్చు. గడ్డకట్టిన నెత్తురు కావచ్చు. మాయలోనే పుట్టిన గడ్డ కావచ్చు. నలుపు తెలుపు బొమ్మలో మూడూ ఇంచుమించు ఒకటే. తేడా చెప్పేది రక్తమే. ఆమె కలర్ డాప్లర్ నొక్కింది.

ముద్ద వెలిగిపోయింది. ఎరుపు, నీలం పాయలు ముద్దనిండా ఒకదాన్నొకటి చుట్టుకుని కొట్టుకుంటున్నాయి. డాక్టరమ్మ ఒక పాయ మీద గీత పెట్టి వేగం లెక్కించింది. నిమిషానికి 150కి పైన. మంచం మీద పడుకున్న తల్లి నాడి అప్పుడు 90. అంటే ఆ గడ్డలో పారుతున్నది తల్లి రక్తం కాదు, బిడ్డది.

"బిడ్డ బాగుండాదా మేడమ్?"

స్కానింగ్ మంచం మీద ప్రతి తల్లీ అడిగే ప్రశ్న అదే. డాక్టరమ్మ వెంటనే జవాబు చెప్పలేకపోయింది.

ఆ గడ్డ పేరు కోరియోయాంజియోమా. బిడ్డకు ఊపిరీ తిండీ అందించే మాయలో సన్నని రక్తనాళాలు హద్దు లేకుండా అల్లుకుపోయి ముద్దగా మారడం. లండన్ వైద్యుడు జాన్ క్లార్క్ 1798లో రాయల్ సొసైటీ పత్రికలో దీన్ని మొదటిసారి వర్ణించాడు. అంత అరుదైనదేమీ కాదు. కాన్పు తర్వాత మాయలను కోసి సూక్ష్మదర్శిని కింద పనిగట్టుకుని వెతికితే నూటికి ఒకదానిలో కనిపిస్తుందని అంచనా. వాటిలో అత్యధికం బఠానీ గింజంత, గోళీకాయంత. ఎవరికీ ఏ హానీ చేయకుండా పుట్టి, మాయతో పాటే పోతాయి. నాలుగైదు సెంటీమీటర్లు దాటి పెరిగేవి మాత్రం కొన్ని వేల కాన్పులకు ఒకటి. భయం అక్కడ మొదలవుతుంది.

ఎందుకో అనంతపురం రైతుకు చెప్పడం తేలిక. మన బోరు పక్కనే ఇంకొకరు వెయ్యి అడుగుల బోరు దింపితే ఏమవుతుంది? నేలలోని నీరు సులువైన దారి చూసుకుని అటు మళ్లుతుంది. మన మోటారు అంతకంత సేపు తిరుగుతుంది, తడి మాత్రం తగ్గుతూ పోతుంది, చివరకు మోటారే కాలిపోతుంది. మాయలో గడ్డ చేసే పని ఇదే. బిడ్డ గుండె కొట్టిన రక్తం బొడ్డుతాడు గుండా మాయకు వెళ్లి, తల్లి రక్తం నుంచి ప్రాణవాయువు తీసుకుని తిరిగి రావాలి. గడ్డలోని నాళాలకు అడ్డూ ఆపూ తక్కువ కాబట్టి రక్తంలో పెద్ద వాటా అటు మళ్లి, ఏమీ తీసుకోకుండా ఉత్తినే తిరిగొస్తుంది. ఆ లోటు పూడ్చడానికి కిలో బరువైనా లేని బిడ్డ గుండె ఎక్కువగా కొట్టుకోవాలి. కొట్టుకుని కొట్టుకుని ఉబ్బుతుంది. అంతటితో అయిపోదు. ఆ నాళాల చిక్కులో పడి బిడ్డ ఎర్రకణాలు చితికిపోతాయి. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్లేట్‌లెట్లు అక్కడే చిక్కుకుపోతాయి. రక్తం పలచబడుతుంది. పలచబడ్డ రక్తాన్ని తిప్పడానికి గుండె ఇంకా కష్టపడాలి. ఆఖరికి గుండె ఓడిపోయి బిడ్డ పొట్టలో, గుండె చుట్టూ, చర్మం కింద నీరు చేరుతుంది. ఆ దశ దాటిన బిడ్డలు బతకడం కష్టం.

ఉమ్మనీరు ఎందుకు పెరిగిందన్నదానికీ జవాబు ఇక్కడే ఉంది. గడ్డ ఉపరితలం నుంచి నీరు ఊరుతుంది. ఎక్కువ రక్తం తిరుగుతున్న బిడ్డ ఎక్కువ మూత్రం పోస్తుంది. సాగిపోయిన గర్భసంచి నెలలు నిండకుండానే నొప్పులు మొదలుపెడుతుంది. ఆ రాత్రుళ్లు ఆమె గోడకు ఆనుకుని కూచోవడానికి కారణం ఊపిరితిత్తుల్లో లేదు. పైకి ఎగదన్నుకొచ్చిన కడుపులో ఉంది.

డాక్టరమ్మ ఇంకొక్క కొలత తీసుకుంది. బిడ్డ మెదడుకు వెళ్లే మధ్య ధమనిలో రక్తం ఎంత వేగంగా పోతోందో చూసింది. రక్తం పలచనైతే ఆ వేగం పెరుగుతుంది. ఆ వయసుకు ఉండాల్సిన మధ్యస్థ వేగానికి ఒకటిన్నర రెట్లు దాటితే బిడ్డకు రక్తహీనత గట్టిగా ఉన్నట్టే. జియాన్‌కార్లో మారి, ఆయన సహచరులు 2000లో ఈ లెక్కను నిరూపించే దాకా, కడుపులో బిడ్డకు రక్తం తక్కువో కాదో తెలియాలంటే సూది గుచ్చాల్సిందే. ఈమె బిడ్డకు ఆ గీత దాటింది. గుండె పెద్దదైంది. నీరు మాత్రం ఇంకా చేరలేదు.

"మాయలో గడ్డ ఉంది," అని డాక్టరమ్మ చెప్పగానే, ఆ రోజు తోడు వచ్చిన అత్త నోట వచ్చిన మొదటి మాట: "క్యాన్సరా తల్లీ?"

కాదు. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే గడ్డ అన్న మాట వినగానే మన ఇళ్లలో సగం ప్రాణం పోతుంది. కోరియోయాంజియోమా క్యాన్సర్ కాదు. తల్లి ఒంట్లోకి పాకదు. కాన్పుతో బయటికి వచ్చేస్తుంది. మాయకు సంబంధించి క్యాన్సర్‌గా మారగలిగిన జబ్బు వేరే ఉంది. మన పత్రికలు ముత్యాల గర్భమని రాసేది దానికి మూలం. మాయ కణాలు నీటి బుడగల గుత్తిలా పెరిగి, చాలావరకు బిడ్డే ఏర్పడని స్థితి అది. అందులో కొన్ని కోరియోకార్సినోమా అనే క్యాన్సర్‌గా మారతాయి. అదీ ఒకప్పుడు మరణశాసనమే. 1956లో అమెరికాలో మిన్ చియూ లీ, రాయ్ హెర్ట్జ్ మెథోట్రెక్సేట్ మందుతో దాన్ని లొంగదీశారు. ఆ మందు పుట్టింది భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లే ప్రయోగశాలలో. ఆ విజయం చూడకుండానే 1948లో ఆయన కన్నుమూశారు. ఊళ్లో నర్సమ్మ ప్రతి గర్భిణికీ ఇచ్చే ఐరన్ మాత్రలో కలిసి ఉండే ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసిందీ ఆయన బృందమే. దాని వెనక 1931లో ప్రచురితమైన లూసీ విల్స్ పరిశోధన ఉంది. బొంబాయి మిల్లుల్లో పని చేసే గర్భిణుల రక్తహీనత మీద ఆమె చేసిన పని అది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఈ తల్లికీ రక్తం తక్కువే. కార్డు మీద హిమోగ్లోబిన్ 8.4 అని ఉంది. మా ప్రాంతంలో ఆ అంకె చూసి ఎవరూ ఉలిక్కిపడరు, అదే పెద్ద విషాదం. కానీ తల్లికి ఎన్ని మాత్రలు మింగించినా బిడ్డ రక్తహీనత తీరదు. బిడ్డ రక్తం బిడ్డదే, తల్లి రక్తం తల్లిదే. మాయలో రెండూ పక్కపక్కన పారతాయి గానీ కలవవు. బిడ్డకు రక్తం కావాలంటే బిడ్డకే ఎక్కించాలి.

ఆ పని చేయగల నిపుణులు ఎక్కువగా బెంగళూరు, హైదరాబాద్, చెన్నై లాంటి నగరాల్లోనే ఉంటారు. అనంతపురం నుంచి బెంగళూరు 210 కిలోమీటర్లు.

ఈ జిల్లా ఊరికే కూచోలేదు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ వచ్చి మొదలుపెట్టిన స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ, తర్వాతి కాలంలో బత్తలపల్లిలో, కళ్యాణదుర్గంలో ఆసుపత్రులు కట్టింది. 2000లో అనంతపురంలో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. 2005 ఆగస్టు 15న 108 వాహనాలు రోడ్డెక్కాయి. 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులను డాక్టర్లు ఉచితంగా చూస్తున్నారు. ఎద్దుల బండి మీద కాన్పుకు పోయి దారిలోనే ప్రాణం వదిలిన అమ్మమ్మల కాలంతో పోల్చితే ఎంతో దూరం వచ్చాం. అయితే కాన్పు ఆసుపత్రిలో జరగడం వేరు, కడుపులో ఉన్న బిడ్డకే వైద్యం అందడం వేరు. రెండో దానికి ఇప్పటికీ గొర్రెలు అమ్ముకోవాల్సి వస్తోంది.

అత్త నాలుగు గొర్రెలు అమ్మింది. మగబిడ్డ అన్నందుకు కాదు. స్కానింగ్ గది బయట కోడలు ఏడుస్తుంటే, పక్కన కూచుని తల నిమురుతూ ఆమె అన్నది ఒక్కటే మాట: "నువ్వు బాగుంటే అన్నీ బాగుంటాయి, ఊరుకో."

బయల్దేరే ముందే అనంతపురంలో స్టెరాయిడ్ సూదులు మొదలుపెట్టారు. ఏ క్షణానైనా కాన్పు వస్తే బిడ్డ ఊపిరితిత్తులు తట్టుకోవడానికి. న్యూజిలాండ్‌లో ఆక్లండ్ వైద్యులు లిగ్గిన్స్, హౌవీ 1972లో లోకానికి చెప్పిన చికిత్స అది. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. ఎంత చిన్న ఆసుపత్రిలోనైనా ఇవ్వగలిగిన సూది.

వాహనం పెనుకొండ దాటింది. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర కడుపు గట్టిగా పట్టేసింది. నర్సు గడియారం చూసుకుంటూ కూచుంది. పది నిమిషాలకోసారి వస్తున్న నొప్పి బాగేపల్లి దాటాక నెమ్మదించింది. దేవనహళ్లి దగ్గర భర్త సిమెంటు మరకల చొక్కాతోనే ఎక్కాడు.

"ఏమైంది మే?"

"బిడ్డకు రక్తం ఎక్కియ్యాలంట. కడుపులోనే."

అతనికి అర్థం కాలేదు. పుట్టని బిడ్డకు రక్తం ఎలా ఎక్కిస్తారు?

1963లో విలియం లైలీ ఆ పని చేసినప్పుడు ప్రపంచానికీ అర్థం కాలేదు. అదీ ఆక్లండ్‌లోనే. తల్లీ బిడ్డల ఆర్‌హెచ్ రక్తం పడక చనిపోబోతున్న బిడ్డకు, తల్లి కడుపు మీద నుంచి సూది దింపి బిడ్డ పొట్టలో రక్తం పోశాడు. ఇప్పుడు అల్ట్రాసౌండ్ తెర మీద చూస్తూ నేరుగా బొడ్డుతాడు సిరలోకే ఎక్కిస్తున్నారు.

బెంగళూరు వైద్యుడు తెలుగులోనే చెప్పాడు. దారులు కొన్ని ఉన్నాయి. గడ్డకు రక్తం తెచ్చే నాళాన్ని లేజర్‌తో మూసేయవచ్చు. ఆల్కహాల్ ఎక్కించో, సన్నని తీగ చుట్ట దింపో అడ్డుకట్ట వేయవచ్చు. ఈ గడ్డ బొడ్డుతాడు మొదలుకు మరీ దగ్గరగా ఉంది, నాళం లావుగా ఉంది. కాల్చబోతే బిడ్డకు రక్తం తెచ్చే అసలు నాళానికే దెబ్బ తగలొచ్చు. అందుకని ముందు ఉమ్మనీరు తీసి తల్లికి ఊపిరి ఇద్దాం, రక్తం ఎక్కించి బిడ్డకు బలం ఇద్దాం, ఆ తర్వాత వారం వారం చూస్తూ కాలం సంపాదిద్దాం అన్నాడు. సూది వల్ల నొప్పులు రావచ్చు, ఉమ్మనీటి సంచి పగలొచ్చు, బిడ్డ గుండె ఆగనూ వచ్చు. అవి కూడా దాచకుండా చెప్పాడు.

భర్త సంతకం చేస్తుంటే ఆమె ఆపింది. "నాకు చెప్పండి సార్. సూది నాకు కదా." వైద్యుడు మొదటి నుంచీ మళ్లీ ఆమెకు చెప్పాడు. ఈసారి ఆమె వేలిముద్ర వేయలేదు. ఏడో తరగతి చదువుకున్న అక్షరాలతో పేరు రాసింది.

సన్నని సూది గుండా, నెమ్మదిగా, లీటరున్నర పైగా ఉమ్మనీరు తీశారు. ఒక్కసారిగా తీస్తే గర్భసంచి ముడుచుకుని మాయ ఊడిపోయే ప్రమాదం ఉంది. నీరు తగ్గుతున్న కొద్దీ ఆమె ముఖం తేటపడింది. చాలా రోజుల తర్వాత వెల్లకిలా పడుకోగలిగింది. తర్వాత బొడ్డుతాడు సిరలో సూది. తీసిన మొదటి చుక్కల్లో బిడ్డ హిమోగ్లోబిన్ 6 మాత్రమే. ఆ వారాలకు 11, 12 మధ్య ఉండాలి. ఓ నెగటివ్ రక్తం, తల్లి రక్తంతో సరిపోల్చి, చిక్కబరిచి, రేడియేషన్‌తో శుద్ధి చేసింది, 50 మిల్లీలీటర్ల లోపు. అంతే ఎక్కించింది. తెర మీద సూది మొన నుంచి రక్తం బిడ్డలోకి మెరుస్తూ పోవడం భర్త చూశాడు. ఆమె కళ్లు మూసుకుంది.

తర్వాతి నాలుగు వారాలు చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేవు. భర్త పని చేసే కట్టడం పక్కన రేకుల షెడ్డులో ఉన్నారు. వారానికోసారి స్కాన్. బిడ్డ గుండె వేగం నిలకడగా ఉంది. నీరు మళ్లీ పెరిగితే మళ్లీ తీశారు. ఒక్కో వారం గడిచినకొద్దీ బిడ్డ బతికే అవకాశం పెరుగుతుందని వైద్యుడు చెప్పిన మాటను ఆమె పట్టుకుని కూచుంది. ఇలాంటి తల్లుల ఓపికను ఏ కేసు షీటూ రాయదు.

32వ వారంలో పొద్దున లేచేసరికి కాళ్లు, ముఖం ఉబ్బాయి. రెండు రోజులకు ఉంగరం వేలికి దిగలేదు. కళ్ల ముందు మెరుపులు. ఆసుపత్రిలో బీపీ 160 పైన, మూత్రంలో ప్రొటీన్. స్కానులో బిడ్డ పొట్టలో పలుచని నీటి పొర. బిడ్డకు నీరు చేరితే తల్లికీ నీరు చేరడాన్ని ఎడింబరో వైద్యుడు జాన్ విలియం బాలంటైన్ 1892లోనే గమనించి రాశాడు. ఇప్పుడు దాన్ని మిర్రర్ సిండ్రోమ్ అంటారు. గుర్రపు వాతానికి ముందు దశలాగే ఉంటుంది, అలాగే ప్రాణం మీదికి తెస్తుంది. ఇక ఆగడానికి లేదు. తల్లికి ఫిట్స్ రాకుండా మెగ్నీషియం ఎక్కించి ఆపరేషన్ చేశారు.

ఆడబిడ్డ. బరువు 1,640 గ్రాములు. ఏడ్చింది, సన్నగా. ఊపిరికి యంత్రం సాయం పెట్టారు, ప్లేట్‌లెట్లు ఎక్కించారు, ఒంటి మీదా లోపలా ఇలాంటి రక్తనాళాల గడ్డలు ఇంకేమైనా ఉన్నాయా అని వెతికారు. లేవు. గడ్డతో బంధం తెగిపోయాక గుండెకు ఆ అదనపు పని తప్పింది. పొట్టలోని నీరు రోజుల్లో ఇంకిపోయింది, గుండె వారాల్లో మామూలు కొలతకు వచ్చింది.

ఆపరేషన్ గదిలో అసలు కంగారు పడింది తల్లి గురించి. అన్ని రోజులు సాగిన గర్భసంచి ముడుచుకోలేదు. రక్తం ఆగలేదు. ఆక్సిటోసిన్, దాని వెంట ట్రానెక్సామిక్ ఆమ్లం, రెండు సీసాల రక్తం. వెళ్లినప్పుడు ఆమె హిమోగ్లోబిన్ 8.4. ఈ నాలుగు వారాల్లో సిర గుండా ఐరన్ ఎక్కించి పదికి తెచ్చారు కాబట్టి ఆ రాత్రి ఆమె తట్టుకుంది. అదే 8తో ఉండి ఉంటే ఈ పేరా ఇలా రాసేవాళ్లం కాదు. కడుపుతో ఉన్నప్పుడు రక్తం తక్కువని రాసి వదిలేసే ప్రతి కార్డూ కాన్పు రాత్రి బయటపడుతుంది.

మాయను పసుపు సంచిలో వేయబోతున్న ఆయాను వైద్యుడు ఆపాడు. దాన్ని కడిగి, కొలిచి, ఫార్మలిన్‌లో పెట్టి పంపించారు. బొడ్డుతాడు పక్కన ముదురు ఎరుపు రంగు గడ్డ, మూత్రపిండం ఆకారంలో, తొమ్మిది సెంటీమీటర్లు. నివేదికలో రెండు విషయాలు స్పష్టంగా రాశారు: కోరియోయాంజియోమా, క్యాన్సర్ లక్షణాలు లేవు.

ఈ గాథ ఇలాగే ముగియాలని లేదు. పెద్ద గడ్డలు ఉన్న గర్భాల్లో చాలా బిడ్డలు దక్కలేదు. టేపు పెట్టని ఊళ్లో ఇదే తల్లి ఏమయ్యేది? కడుపు పెద్దదైంది, మగబిడ్డే అనేవాళ్లు. ఆయాసం వస్తే తిండి ఎక్కువైందనేవాళ్లు. ఒకరోజు బిడ్డ కదలదు. రెండు రోజులకు నొప్పులొచ్చి, ఉబ్బిన బిడ్డ చనిపోయి పుడుతుంది. మాయను పెరట్లో పూడ్చేస్తారు. గ్రహణం రోజు కూరగాయలు తరిగిందనో, నీళ్ల బిందె ఎత్తిందనో, ఎవరిదో దిష్టి తగిలిందనో ఆమె మీద మోపుతారు. ఇంకో బిడ్డ పుట్టినా ఆ మాట ఆమెను వదలదు. కారణం పెరటి మట్టిలో కలిసిపోయి ఉంటుంది.

ఆమె చేసింది ఏమీ లేదు. ఈ గడ్డ ఎందుకు పెరుగుతుందో వైద్యం ఇంకా తేల్చలేదు. బాగా ఎత్తయిన కొండ ప్రాంతాల్లో, ప్రాణవాయువు తక్కువగా ఉండే చోట ఎక్కువగా కనిపించిందని 1990లలో పరిశోధకులు రాశారు. మన పీఠభూమి అంత ఎత్తేమీ కాదు, అనంతపురం పట్టణం సముద్రమట్టానికి 335 మీటర్లే. ఆడబిడ్డల గర్భాల్లో, కవలల్లో కాస్త ఎక్కువ అంటారు. బరువు ఎత్తడానికీ, తిండికీ, గ్రహణానికీ దీనితో ఏ సంబంధమూ లేదు. మళ్లీ గర్భం దాలిస్తే మళ్లీ రావడం చాలా అరుదు.

రాయలసీమలోని పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో గర్భస్థ శిశువుకు రక్తం ఎక్కించగల ఒక్క బృందాన్నయినా నిలబెట్టడం ప్రభుత్వం తలుచుకుంటే అయ్యే పనే. అది వచ్చేదాకా మన చేతుల్లో ఉన్నవి చేద్దాం. స్కానింగుకు పోయినప్పుడు బిడ్డ గురించి అడిగిన నోటితోనే "మాయ ఎలా ఉంది డాక్టరుగారూ" అని అడగండి. వారం పది రోజుల్లో కడుపు ఉన్నట్టుండి పెరిగినా, పడుకుంటే ఊపిరి ఆడకపోయినా, ముఖం, చేతులు ఉబ్బినా, బిడ్డ కదలిక తగ్గినా తర్వాతి తేదీ దాకా ఆగకండి. ఆ రోజే వెళ్లండి. కడుపులో బిడ్డ పోయిన ఇంట్లో, ఆ తల్లిని ఏమీ అనకముందు, మాయను పారేయకుండా పరీక్షకు పంపమని ఆసుపత్రిని అడగండి.